రిజర్వు బలగాలకు ఐటీ వ్యవస్థ: నాలుగు మార్గాల పోలిక, ఎవరికి ఏది సరిపోతుందన్న సలహా

రిజర్వు బలగం కోసం సిబ్బంది రికార్డులు, హాజరు, జీతాలు, పిలుపు ఉత్తర్వులు (పూర్తికాల సేవకు రమ్మనే ఆదేశాలు) నడిపే కంప్యూటరు వ్యవస్థను కొనవలసిన కమిటీ ముందుకు సాధారణంగా నాలుగు ప్రతిపాదనలు వస్తాయి. రెగ్యులర్ సైన్యం ఇప్పటికే వాడుతున్న వ్యవస్థలో రిజర్వును చేర్చడం మొదటిది. మార్కెట్లో సిద్ధంగా దొరికే సిబ్బంది నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను కొని అమర్చుకోవడం రెండవది. తమ నిబంధనలకు తగ్గట్టు పూర్తిగా కొత్తగా తయారు చేయించుకోవడం మూడవది. పౌర ప్రభుత్వం ప్రజల సేవలకు నడుపుతున్న డిజిటల్ వేదికల మీద కట్టుకోవడం నాలుగవది. నాలుగింటినీ సమర్థించే వాళ్లు ఉంటారు, నాలుగూ కాగితం మీద పొందికగానే కనిపిస్తాయి. ఆ నాలుగింటి మధ్య ఎటూ తేల్చుకోలేక ఉన్న అధికారులను, ఆర్థిక సలహాదారులను, వారికి సాంకేతిక సహాయం అందించే వారిని దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను.

పోలికకు ముందు ఒక లెక్క చూడాలి. రాష్ట్రానికీ కేంద్రానికీ జవాబుదారీగా ఉండే రిజర్వు బలగమైన అమెరికా నేషనల్ గార్డులో సాధారణ సభ్యుడు ఏడాదికి 48 శిక్షణ సమావేశాలకు హాజరు కావాలి. ఒక్కో సమావేశం సగం రోజు కనుక అవి 24 రోజులు అవుతాయి. వార్షిక శిక్షణకు మరో 15 రోజులు కలిపితే మొత్తం 39. మిగిలిన 326 రోజులు అతడు పౌరుడు, వేరొకరి దగ్గర ఉద్యోగి, సైనిక నెట్‌వర్కుకు దూరంగా ఉన్న మనిషి. ఇతర దేశాల్లో ఈ సంఖ్యలు మారతాయి కానీ పౌర జీవితపు రోజులే ఎక్కువ. ఈ నిష్పత్తిని లెక్కలోకి తీసుకోకుండా రాసిన టెండరు, పేరులో రిజర్వు అన్న మాట ఉన్నా, రెగ్యులర్ సైన్యానికి రాసిన టెండరే.

## ముందుగా తేల్చుకోవలసిన ప్రమాణాలు

అన్నింటికంటే బరువైన ప్రమాణం హోదా మార్పు. రిజర్విస్టు ఒక నెల వారాంతపు శిక్షణలో ఉంటాడు, తర్వాతి నెల పూర్తికాల సేవలోకి వెళతాడు, ఏడాది తర్వాత తిరిగి వస్తాడు. ప్రతి మార్పుతోనూ జీతం లెక్కించే పద్ధతి, వైద్య సదుపాయం, సెలవులు, పింఛను అర్హత మారిపోతాయి. అమెరికా రిజర్వుల్లో పింఛనుకు లెక్కలోకి వచ్చే సంవత్సరం కావాలంటే ఆ ఏడాది హాజరు, సేవలకు ఇచ్చే పాయింట్లు కనీసం 50 సంపాదించాలి. కనుక ఒక్క వారాంతపు హాజరు నమోదు కాకపోయినా, దాని ఫలితం ఇరవై ఏళ్ల తర్వాత ఒక కుటుంబం మీద పడవచ్చు. ఈ విషయంలో లెక్క తప్పితే ఏమవుతుందో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం రెండు నివేదికల్లో నమోదు చేసింది. 2003లో అది పరిశీలించిన ఆరు ఆర్మీ నేషనల్ గార్డు యూనిట్లలో 481 మందిలో 450 మందికి పిలుపుకు సంబంధించి కనీసం ఒక జీతపు సమస్య ఎదురైంది. 2004లో ఆర్మీ రిజర్వు యూనిట్లను పరిశీలించినప్పుడు 348 మందిలో 332 మందిది అదే పరిస్థితి. సిబ్బంది రికార్డులు ఒక చోట, జీతాల లెక్క మరొక చోట ఉండి, ఆ రెండింటి మధ్య వివరాలను గుమస్తాలు చేత్తో ఎక్కించవలసి రావడం దీనికి ఒక ప్రధాన కారణం. యుద్ధరంగంలో ఉన్న సైనికుడు ఇంటికి డబ్బు చేరలేదని తెలుసుకోవడం చిన్న సాంకేతిక లోపం కాదు. ఆ సంఖ్యలు చదివిన తర్వాత కూడా జీతాల అనుసంధానాన్ని తర్వాతి దశకు వదిలేద్దాం అని ఎవరైనా తేలికగా అంటే నాకు మనసు ఒప్పదు.

రెండవ ప్రమాణం వారాంతపు వాడకం. చాలా సంస్థల్లో సర్వర్లకు మరమ్మతులు, సాఫ్ట్‌వేర్ మార్పులు శనివారం రాత్రి, ఆదివారం ఉదయం చేస్తారు, ఎందుకంటే అప్పుడు వాడేవాళ్లు ఉండరు. రిజర్వు బలగం మాత్రం సరిగ్గా అప్పుడే వాడుతుంది. సహాయ కేంద్రం సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం నుంచి సాయంత్రం వరకు పనిచేస్తే, శనివారం ఉదయం లాగిన్ కుదరని సైనికుడి ఫిర్యాదు సోమవారం చదువుతారు. ఆ సమయానికి అతడు తన ఉద్యోగంలో ఉంటాడు, సమస్య మరుసటి నెల వారాంతం దాకా అలాగే ఉంటుంది. నెల రోజులు బీరువాలో ఉన్న లాప్‌టాప్‌ను తెరిచిన వెంటనే పేరుకుపోయిన భద్రతా మార్పులన్నీ దిగుమతి కావడం మొదలవుతాయి, అప్పటికే పాస్‌వర్డు గడువు కూడా తీరి ఉంటుంది. నిర్ణీత కాలానికి ఒకసారి పాస్‌వర్డు తప్పనిసరిగా మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే తన మార్గదర్శకాల్లో సూచించింది. ఆ పాత అలవాటు అందరికంటే ఎక్కువగా బాధించేది రిజర్విస్టునే.

మూడవది పిలుపు రోజు భారం. నెలకు రెండు రోజులు మాత్రమే కదలిక ఉండే వ్యవస్థ మీదికి ఒకే రోజున మొత్తం బలగం వచ్చి పడవచ్చు. 2023 అక్టోబరులో ఇజ్రాయెల్ కొద్ది రోజుల వ్యవధిలో 3 లక్షలకు పైగా రిజర్విస్టులను పిలిచింది. అటువంటి రోజున సర్వరు తట్టుకుంటే చాలదు. గుర్తింపును ధ్రువీకరించే భాగం, సందేశాలు పంపే భాగం, సహాయ కేంద్రంలో ఫోను ఎత్తే మనుషులు, ఒకేసారి ఎంతమంది వాడవచ్చో నిర్ణయించే లైసెన్సు షరతు, ఇవన్నీ కలిసి తట్టుకోవాలి. వీటిలో బలహీనమైనది ఏదో అదే వ్యవస్థ అసలు సామర్థ్యం.

నాలుగవది పౌర జీవితపు సమాచారం. చిరునామా, ఫోను నంబరు, యజమాని, వృత్తి నైపుణ్యం అన్నీ సైన్యానికి తెలియకుండానే మారిపోతుంటాయి. ఆ మార్పును సైనికుడు స్వయంగా, రెండు నిమిషాల్లో, తన ఫోను నుంచే నమోదు చేయగలగాలి. ఇక్కడే భద్రత గురించి ఒక మాట చెప్పాలి. ఒక్కొక్కరి వివరాలు విడిగా చూస్తే రహస్యమేమీ కాదు. కానీ ఒక దేశపు రిజర్విస్టులందరి చిరునామాలు, ఉద్యోగాలు, నైపుణ్యాలు ఒకే పట్టికగా దొరికితే అది శత్రువుకు పెద్ద నిధి. కనుక వ్యవస్థ భద్రతా స్థాయిని ఒక్క రికార్డును బట్టి కాకుండా మొత్తం పట్టికను బట్టి నిర్ణయించుకోవాలి.

చివరిది పదేళ్ల ఖర్చు. మొదటి ధర, ఏటా లైసెన్సు, నిబంధనలు మారినప్పుడు చేయించే మార్పులు, శిక్షణ, చివరికి ఆ వ్యవస్థ నుంచి బయటపడేటప్పుడు డేటాను తరలించే ఖర్చు కలిపి చూడాలి. బిడ్లు తెరిచే రోజున మొదటి అంకె ఒక్కటే అందరి కళ్లకూ కనిపిస్తుంది, మిగిలినవి తర్వాతి కమిటీల మీద పడతాయి.

## మొదటి మార్గం: రెగ్యులర్ సైన్యం వ్యవస్థలో చేరడం

హోదా మార్పు విషయంలో దీనికి సాటి లేదు. ఒక మనిషికి ఒకే రికార్డు ఉంటుంది, పిలుపు వచ్చినప్పుడు ఆ రికార్డులో హోదా మాత్రమే మారుతుంది, ఒక వ్యవస్థలో మూసి మరొక వ్యవస్థలో తెరవవలసిన పని ఉండదు. భద్రతా అనుమతులు, సర్వర్లు, శిక్షణ సామగ్రి ఇప్పటికే ఉన్నాయి కనుక ఖర్చు కూడా పంచుకోవచ్చు.

ఇబ్బంది ఎవరి అవసరం ముందన్న క్రమంలో వస్తుంది. మార్పులు నిర్ణయించే కమిటీలో రెగ్యులర్ సైన్యానిదే పైచేయి కనుక, రిజర్వుకు కావలసినవి ప్రతిసారీ తర్వాతి విడుదలకు వాయిదా పడతాయి. ప్రతి ఉదయం బల్ల ముందు కూర్చుని అధికారిక నెట్‌వర్కులోకి వెళ్లే మనిషిని ఊహించుకుని కట్టిన వ్యవస్థలో, నెలకు ఒకసారి వచ్చే మనిషి ఎప్పుడూ మినహాయింపుగానే ఉంటాడు.

అమెరికా సైన్యం ఐపీపీఎస్-ఏ అనే సిబ్బంది వ్యవస్థ విషయంలో ఈ క్రమాన్ని తిరగేసింది. ముందుగా ఆర్మీ నేషనల్ గార్డుకే ఇచ్చారు. 2019లో పెన్సిల్వేనియాలో మొదలై 2021 మార్చి నాటికి మొత్తం 54 రాష్ట్రాలు, ప్రాంతాల గార్డులకు చేరింది. ఆ తర్వాతే, 2023 జనవరిలో, రెగ్యులర్ సైన్యమూ ఆర్మీ రిజర్వూ అందులోకి వచ్చాయి. ఇప్పుడు 11 లక్షలకు పైగా సైనికుల రికార్డులు ఒకే చోట ఉన్నాయి. కష్టమైన కేసులున్న బలగంతో మొదలు పెడితే, ఆ కష్టానికి పరిష్కారం వ్యవస్థ పునాదిలోనే పడుతుంది. సులువైన బలగంతో మొదలు పెడితే అది చివర్లో అతికించిన ముక్కగా మిగులుతుంది. అయితే జీతాల లెక్కను మాత్రం ఆ విడుదలలో కలపకుండా తర్వాతి దశకు ఉంచారు, కనుక పైన చెప్పిన 450 మంది లాంటి వారి సమస్యకు ఆ ఒక్క విడుదలతో పూర్తి పరిష్కారం దొరకలేదన్నది గుర్తుంచుకోవాలి.

ఈ మార్గం ఎంచుకునే వారు చేరడానికి ముందే లిఖితపూర్వకంగా రెండు హామీలు తీసుకోవాలి. మార్పుల కమిటీలో రిజర్వుకు ఓటు, ఏటా జరిగే మార్పుల్లో కనీసం ఇంత భాగం రిజర్వు కోరినవే ఉండాలన్న నిష్పత్తి. ఈ రెండూ లేకుండా చేరితే తర్వాత అడిగి సాధించడం దాదాపు అసాధ్యం.

## రెండవ మార్గం: మార్కెట్లో దొరికే సిద్ధ సాఫ్ట్‌వేర్

సెలవులు, హాజరు, నియామకాలు, శిక్షణ రికార్డులు ప్రపంచంలోని ప్రతి పెద్ద సంస్థకూ అవసరమే కనుక, వాటిని సమర్థంగా నడిపే ఉత్పత్తులు మార్కెట్లో ఉన్నాయి. ఫోను నుంచి వాడుకోవడం, నివేదికలు, భద్రతా మార్పులు వాటిలో ముందే అమరి ఉంటాయి. త్వరగా మొదలు పెట్టవచ్చు.

కానీ రిజర్వు సేవ ఏ కంపెనీ ఉద్యోగంలాగానూ ఉండదు. అర్ధరోజు జీతం, ఒకే నెలలో మూడు రకాల సేవలు, ఇద్దరు యజమానులు, పాతికేళ్ల పాయింట్ల లెక్క వంటివి సిద్ధ సాఫ్ట్‌వేర్‌లో ఉండవు. వాటిని ఇమడ్చడానికి చేసే మార్పులు పెరిగేకొద్దీ, ఉత్పత్తి కొత్త విడుదల వచ్చినప్పుడల్లా ఆ మార్పులన్నింటినీ మళ్లీ పరీక్షించి సరిచేయవలసి వస్తుంది. కొంతకాలానికి ధర సిద్ధ ఉత్పత్తిది, శ్రమ సొంత తయారీది అవుతుంది.

అమెరికా రక్షణ శాఖ తలపెట్టిన డీఐఎంహెచ్ఆర్ఎస్ అనే సిబ్బంది, జీతాల వ్యవస్థ పథకం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. 1991 గల్ఫ్ యుద్ధంలో పిలిపించిన రిజర్విస్టులు ఎక్కడున్నారో, వారికి ఎంత చెల్లించాలో సరిగా తెలియక ఎదురైన ఇబ్బందులు ఆ ఆలోచనకు ఒక మూలం. అన్ని సేనల రెగ్యులర్, రిజర్వు సిబ్బంది రికార్డులనూ జీతాలనూ కలిపి ఒకే వాణిజ్య ఉత్పత్తి మీద నడపాలనుకున్నారు. పదేళ్లకు పైగా శ్రమించి, వందల మిలియన్ల డాలర్లు ఖర్చు చేసిన తర్వాత 2010లో దాన్ని రద్దు చేశారు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ తర్వాత ఆర్మీ కట్టిన ఐపీపీఎస్-ఏ కూడా పీపుల్‌సాఫ్ట్ అనే అదే ఉత్పత్తి కుటుంబం మీదే నిలబడింది. కనుక లోపాన్ని ఉత్పత్తి మీద వేసి ఊరుకోలేము. ఎన్ని సేనల నిబంధనలను ఒకే అచ్చులో పోయాలనుకున్నారన్నదే పెద్ద తేడా. ఉత్పత్తుల మధ్య పోలికకు కమిటీలు నెలల సమయం వెచ్చిస్తాయి, పరిధి ఎంత ఉండాలన్న చర్చకు ఒక మధ్యాహ్నం కేటాయిస్తాయి. ఆ సమయాలను తారుమారు చేయాలని నా గట్టి అభిప్రాయం.

లైసెన్సు పద్ధతిని కూడా ఇక్కడే చూడాలి. ఈ ఉత్పత్తులకు సాధారణంగా ఏడాదికి, మనిషికి ఇంత చొప్పున వసూలు చేస్తారు. ఏడాదికి 39 రోజులు మాత్రమే వచ్చే మనిషికి 365 రోజుల లైసెన్సు కొనడం ప్రజాధనం వృథా చేయడమే. తన వివరాలు తాను చూసుకునే సైనికుడికి ఒక ధర, ఇతరుల రికార్డులు మార్చే గుమస్తాకు వేరొక ధర, పిలుపు కాలంలో అదనపు వాడకానికి ముందే నిర్ణయించిన మరొక ధర ఉండేట్టు బేరమాడాలి. ఒప్పందం మీద సంతకం కాకముందు ఇది సాధ్యమే, తర్వాత సాధ్యం కాదు.

## మూడవ మార్గం: పూర్తిగా సొంత తయారీ

దీని గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే మొత్తం వ్యవస్థను ఈ పద్ధతిలో కట్టించమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. అమెరికాలో గార్డు, ఆర్మీ రిజర్వు యూనిట్ల కోసమే తలపెట్టిన ఆర్‌సీఏఎస్ అనే కంప్యూటరు వ్యవస్థ పథకానికి 1991లో కాంట్రాక్టు ఇచ్చారు. నాలుగేళ్లు గడిచేసరికి, 1995లో, దాన్ని పునర్వ్యవస్థీకరించి బజారులో దొరికే పర్సనల్ కంప్యూటర్లు, సిద్ధ సాఫ్ట్‌వేర్ వైపు మళ్లించవలసి వచ్చింది. ప్రత్యేకంగా కట్టించుకునేది పూర్తయ్యే లోపల మార్కెట్ దాన్ని దాటిపోతుంది. ఆ తర్వాత మారిన పద్ధతిలో ఆ పథకం వేలాది స్థలాల్లోని యూనిట్లను కలపగలిగింది.

సొంత తయారీకి సరైన చోటు చిన్న భాగాల్లో ఉంది. పాయింట్ల లెక్క, హోదా మార్పు ఉత్తర్వులు, పిలుపు సందేశాలు వంటి, మార్కెట్లో ఎవరూ అమ్మని పనులకు మాత్రం సొంతంగా రాయించుకోవాలి. ఆ కోడు యాజమాన్యం బలగానిదై ఉండాలి, దాన్ని అర్థం చేసుకోగల ఇద్దరు ముగ్గురైనా జీతం మీద ఉండాలి. పౌర జీవితంలో ప్రోగ్రామర్లుగా పనిచేసే రిజర్విస్టులు ఈ పనికి పనికొస్తారని తరచూ అంటారు. వారి సలహా అమూల్యమే, కానీ నెలకు రెండు రోజులు వచ్చే వారి మీద జీతాల వ్యవస్థ నిర్వహణ భారం పెట్టకూడదు.

## నాలుగవ మార్గం: పౌర ప్రభుత్వ వేదికల మీద కట్టడం

దేశంలో డిజిటల్ గుర్తింపు, జనాభా రిజిస్ట్రీలు, వాటి మధ్య సురక్షితమైన డేటా మార్పిడి ఇప్పటికే ఉంటే, పౌర జీవితపు సమాచారం విషయంలో ఈ మార్గం అన్నింటినీ మించుతుంది. 2024 మే 18న యుక్రెయిన్ రక్షణ శాఖ రెజెర్వ్ ప్లస్ అనే ఫోను యాప్‌ను విడుదల చేసింది. కొత్త సైనిక సమీకరణ చట్టం అమలులోకి వచ్చింది కూడా ఆ రోజే, ఆ చట్టం ప్రకారం సేవకు బాధ్యులైన వారు 60 రోజుల్లో తమ వివరాలు సరిచూసుకోవాలి. యాప్ వెనుక ఓబెరిగ్ అనే రిజిస్ట్రీ ఉంది. కార్యాలయాల ముందు వరుసలో నిలబడవలసిన పనిని చాలామంది ఫోనులోనే ముగించుకోగలిగారు.

దీనిలోని ప్రమాదం కూడా అదే దేశం చూపించింది. 2024 డిసెంబరు 19న అక్కడి న్యాయ శాఖ పరిధిలోని రిజిస్ట్రీల మీద భారీ సైబర్ దాడి జరిగింది, అవి పూర్తిగా కోలుకోవడానికి వారాలు పట్టింది. సైన్యం తన పిలుపు వ్యవస్థను పౌర రిజిస్ట్రీ మీద ఆధారపరచినప్పుడు ఆ రిజిస్ట్రీ కూడా సైనిక లక్ష్యంగా మారుతుంది. అందువల్ల పౌర వేదిక నుంచి వచ్చే వివరాలకు సైన్యం దగ్గర రోజూ తాజా అయ్యే సొంత నకలు ఉండాలి. వేదిక ఆగిపోయినా నిన్నటి పట్టికతో పిలుపు ఇవ్వగలగాలి.

మరొక చిక్కు నమ్మకానికి సంబంధించినది. పన్నుల కోసం, వైద్యం కోసం ఇచ్చిన వివరాలను సైన్యం చూస్తోందని తెలిస్తే ప్రజలు ఆ సేవలకే దూరం కావచ్చు. ఏ శాఖ ఏ వివరాన్ని ఎందుకు చూడవచ్చో చట్టంలో స్పష్టంగా ఉన్నప్పుడే ఈ మార్గంలో అడుగు పెట్టాలి. ఇక జీతాలు, పాయింట్లు వంటి లోపలి పనులకు పౌర వేదిక ఎలాగూ పనికిరాదు, వాటికి మరొక వ్యవస్థ తప్పదు.

## ఒకే చూపులో

| ప్రమాణం | రెగ్యులర్ వ్యవస్థలో చేరడం | సిద్ధ సాఫ్ట్‌వేర్ | సొంత తయారీ | పౌర వేదిక |
|---|---|---|---|---|
| హోదా మార్పు | చాలా మంచిది | చేసిన మార్పుల మీద ఆధారపడుతుంది | బాగా రాస్తే మంచిది | విడిగా చూసుకోవాలి |
| వారాంతపు వాడకం | సాధారణంగా బలహీనం | మంచిది | రాయించుకున్నదాన్ని బట్టి | చాలా మంచిది |
| పిలుపు రోజు భారం | మధ్యస్థం | లైసెన్సు షరతులను బట్టి | ఎక్కువగా బలహీనం | మంచిది, ఆగిపోతే ప్రమాదం |
| పౌర సమాచారం తాజాదనం | బలహీనం | మధ్యస్థం | మధ్యస్థం | చాలా మంచిది |
| మొదటి ఖర్చు | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | తక్కువ, వేదిక ముందే ఉంటే |
| పదేళ్ల ఖర్చు | పంచుకోవచ్చు | లైసెన్సు, మార్పులతో పెరుగుతుంది | ఊహించడం కష్టం | మధ్యస్థం |
| బయటపడే వీలు | తక్కువ | ఒప్పందాన్ని బట్టి | ఎక్కువ, కోడు సొంతమైతే | మధ్యస్థం |

పట్టికలోని గడులన్నింటికీ ఒకే బరువు ఇచ్చి మార్కులు కూడితే తప్పు సమాధానం వస్తుంది. హోదా మార్పు వరుసలో విఫలమైన వ్యవస్థకు మిగతా వరుసల్లో ఎన్ని మంచి మాటలున్నా నేను దాన్ని జాబితా నుంచి తీసేస్తాను.

## సైనికుడి చేతిలో ఏ పరికరం ఉండాలి

పై నాలుగింటిలో ఏది ఎంచుకున్నా, సైనికుడు దాన్ని దేని ద్వారా తెరుస్తాడన్నది విడి నిర్ణయం, దీనికి మూడు దారులున్నాయి. ప్రతి ఒక్కరికీ అధికారిక లాప్‌టాప్ ఇవ్వడం భద్రతకు మంచిదే కానీ, ఏడాదిలో ఎక్కువ రోజులు మూసి ఉండే యంత్రాలకు డబ్బు పోయడం అవుతుంది. శిక్షణ కేంద్రంలో కొన్ని ఉమ్మడి కంప్యూటర్లు ఉంచడం చౌక, అయితే శనివారం ఉదయం నూరుమంది అయిదు యంత్రాల ముందు నిలబడతారు, కవాతుకు ఉద్దేశించిన సమయం వరుసలో కరిగిపోతుంది. సొంత ఫోనును అనుమతించడం మూడవది. ఇందులో అమెరికా సైన్యం 2022 నుంచి ప్రయత్నిస్తున్న పద్ధతి ఆసక్తికరమైనది. అసలు డేటా, అప్లికేషన్లు దూరంగా ఉన్న సర్వరులోనే ఉంటాయి, ఫోను మీద తెర బొమ్మ మాత్రమే కనిపిస్తుంది, ఫోను పోయినా అందులో సైనిక సమాచారం ఏదీ ఉండదు. దీనివల్ల సైనికుడి వ్యక్తిగత ఫోనులోకి సంస్థ తొంగిచూడవలసిన అవసరం కూడా తగ్గుతుంది, చాలామంది అభ్యంతరం చెప్పేది దానికే.

నా సలహా మిశ్రమం వైపు ఉంది. హాజరు, చిరునామా, జీతపు చీటీ, పిలుపు అందినట్టు ధ్రువీకరణ వంటివి సొంత ఫోనులో ఉండాలి. ఇతరుల రికార్డులు మార్చే గుమస్తాలకు, కమాండర్లకు అధికారిక యంత్రం ఉండాలి. నిజంగా రహస్యమైన పని శిక్షణ కేంద్రం గోడల మధ్యే జరగాలి. గుర్తింపు కోసం కార్డు రీడరు మీదే ఆధారపడే పద్ధతి ఉంటే, దానితో పాటు ఫోనుతో పనిచేసే మరొక బలమైన ధ్రువీకరణ ఉండాలి, లేకపోతే సొంత ఫోను వాడకం కాగితం మీదే మిగులుతుంది.

## టెండరులో రాయవలసినవి

బ్రిటన్ సైన్యం నియామకాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. రెగ్యులర్, రిజర్వు నియామకాలు రెండింటినీ నడపడానికి 2012లో ఒక బయటి సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. ఆన్‌లైన్ వ్యవస్థకు కావలసిన మౌలిక ఏర్పాట్లను మొదట రక్షణ శాఖే సమకూర్చవలసి ఉంది, అది సమయానికి జరగలేదు. తర్వాత ఆ పనిని కూడా కాంట్రాక్టరుకే అప్పగించారు. చివరికి ఆ వ్యవస్థ 52 నెలల ఆలస్యంతో 2017 నవంబరులో మొదలైందని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2018లో తెలిపింది. ప్రభుత్వం తన వంతుగా ఇస్తానన్న ప్రతి వస్తువూ ఒప్పందంలో ఒక అప్పులాంటిది. అది ఆలస్యమైతే కాంట్రాక్టరు ఆలస్యానికి అదే సమాధానమవుతుంది. కనుక అలాంటి హామీలను వీలైనంత తగ్గించాలి, ఇచ్చినవాటికి తేదీలు, బాధ్యులైన అధికారుల హోదాలు రాయాలి.

మద్దతు వేళల విషయంలో టెండరు భాష కచ్చితంగా ఉండాలి. శని, ఆదివారాల్లో పూర్తి మద్దతు ఉండాలనీ, మరమ్మతులకు వ్యవస్థను ఆపడం మంగళ, బుధవారాల్లోనే జరగాలనీ, వ్యవస్థ అందుబాటు శాతాన్ని వారాంతాలకు విడిగా లెక్కించాలనీ రాయాలి. నెల మొత్తానికి లెక్కించే 99 శాతం అందుబాటులో, 30 రోజుల నెలలో ఏడు గంటలకు పైగా ఆగిపోవడానికి అనుమతి దాగి ఉంది. ఆ ఏడు గంటలూ ఒకే శనివారం వస్తే ఆ నెల శిక్షణ మొత్తం పోయినట్టే.

డేటా విషయంలో, బలగం అడిగినప్పుడల్లా మొత్తం రికార్డులను చరిత్రతో సహా, వేరే వ్యవస్థ చదవగల రూపంలో, అదనపు రుసుము లేకుండా ఇవ్వాలని షరతు పెట్టాలి. ఆ షరతును ఏటా ఒకసారి నిజంగా వాడి చూడాలి.

## ఎవరికి ఏది

కొన్ని వేల మందితో నడిచే చిన్న స్వచ్ఛంద రిజర్వుకు రెగ్యులర్ వ్యవస్థలో చేరడమే మంచిది. విడిగా వ్యవస్థను నడిపే స్థోమత, నిపుణులు రెండూ వారికి ఉండవు. ఓటు, నిష్పత్తి హామీలు దొరక్కపోతే, కనీసం ఫోను ద్వారా వాడుకునే చిన్న ముందుభాగాన్ని సొంతంగా కట్టించుకోవాలి.

నిర్బంధ సైనిక సేవ పూర్తి చేసిన లక్షల మంది రిజర్వుగా ఉన్న దేశానికి పరిస్థితి వేరు. అక్కడ అత్యధికులు ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా లాగిన్ కారు, అసలు సమస్య వారు ఎక్కడ ఉన్నారో తెలియడమే. వారికి నాలుగవ మార్గం సహజంగా సరిపోతుంది, పైన చెప్పిన సొంత నకలు షరతుతో.

గార్డుల్లా రాష్ట్ర ప్రభుత్వానికీ కేంద్రానికీ ఇద్దరికీ జవాబుదారీగా ఉండే బలగానిది అన్నింటికంటే కష్టమైన ఎంపిక. వరదలకు రాష్ట్రం పిలిచినప్పుడు ఒక ఖాతా నుంచి, యుద్ధానికి కేంద్రం పిలిచినప్పుడు మరొక ఖాతా నుంచి చెల్లింపు జరగాలి. ఇలాంటి చోట సిబ్బంది రికార్డుకు ఉమ్మడి వ్యవస్థ, రాష్ట్ర సేవ లెక్కకు చిన్న సొంత భాగం, రెండింటి మధ్య బాగా పరీక్షించిన వారధి ఉండటం మేలు. రెండు వైపులా పూర్తి వ్యవస్థలు కొంటే 2003 నాటి జీతాల సమస్యల కథ మళ్లీ మొదలవుతుంది.

వైద్యులు, సైబర్ నిపుణులు వంటి వారితో ఉన్న ప్రత్యేక రిజర్వులకు నైపుణ్యాల రికార్డే ప్రాణం. లైసెన్సు గడువులు, ధ్రువపత్రాలు, తాజా అనుభవం నమోదు చేయడంలో సిద్ధ సాఫ్ట్‌వేర్ సమర్థంగా ఉంటుంది, పైగా వారి సంఖ్య తక్కువ కనుక లైసెన్సు ఖర్చు భరించదగినదే.

చివరగా, ఏ మార్గమైనా ఒప్పందం ఖరారు కాకముందు ప్రతి బిడ్డరుకూ ఒకే పరీక్ష పెట్టాలి. రెగ్యులర్ యూనిట్‌తో కాకుండా నిజమైన రిజర్వు యూనిట్‌తో, ఒక శనివారం ఉదయం, నెల రోజులుగా తెరవని యంత్రాలతో మొదలు పెట్టాలి. ఒక సైనికుడి హాజరు నమోదు చేయాలి, అతడిని పూర్తికాల సేవలోకి పిలవాలి, మధ్యలో చిరునామా మార్చాలి, గాయపడినట్టు నమోదు చేసి సేవను పొడిగించాలి, తిరిగి పౌర జీవితంలోకి పంపాలి, ఆ తర్వాత జీతపు చీటీ, పింఛను పాయింట్లు తీసి చేతి లెక్కతో సరిపోల్చాలి. ఈ పని చేయవలసింది కంపెనీ ప్రతినిధి కాదు, ఆ యూనిట్ గుమస్తా. ఆమె ఎన్నిసార్లు ఆగింది, ఎన్నిసార్లు ఒకే వివరాన్ని రెండు చోట్ల ఎక్కించింది అన్నది పక్కన కూర్చున్న కమిటీ సభ్యుడు రాసుకోవాలి, ఆ కాగితాన్ని ధరల కవరు తెరవడానికి ముందే ఫైలులో చేర్చాలి.